నాస్తికుడు గుర్తుపట్టిన దర్భ

వ్యవసాయ శాఖలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. అనంతపురంలో పని ఎలా ఉంటుందని అడుగుతారు. మిగతా జిల్లాల్లో రైతు మిమ్మల్ని పంట చూడమని పిలుస్తాడు, ఇక్కడ పంట ఎందుకు లేదో చూడమని పిలుస్తాడు అని చెబుతాను. వాన పడలేదన్న సంగతి మీరు చెప్పనక్కర్లేదు, అది అతనికి తెలుసు. వాన పడకపోయినా ఇంత పచ్చగా, ఇంత పొగరుగా నిలబడిన ఈ గడ్డి ఏమిటి అన్నదే అతని ప్రశ్న. నా ఉద్యోగంలో ఎక్కువ భాగం ఆ ప్రశ్నకు జవాబు వెతకడంలోనే గడిచింది.

పదోన్నతుల గురించి, బదిలీల గురించి రాయను. అవి ఎందుకు వస్తాయో, ఎందుకు రావో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. అర్థం కానిదాని గురించి ధీమాగా మాట్లాడటానికి దేశంలో వేరే వృత్తులవాళ్లు ఉన్నారు.

ఇంకొక సంగతి కూడా ముందే చెప్పాలి. నేను దేవుణ్ణి నమ్మను. కాలేజీ రోజుల నుంచి హేతువాద సభల్లో పెరిగినవాణ్ణి. ముహూర్తం, వాస్తు, గ్రహణం... ఏది దొరికినా, చేతికి మైకు కూడా దొరికితే ఇక వదిలేవాణ్ణి కాదు. నన్ను చూసి పక్క వీధిలోకి మళ్లే పురోహితులు ఉండేవారు. మైకు వాళ్ల చేతిలో ఉన్న రోజున నేను మళ్లిన వీధులూ ఉన్నాయి.

వేరు చూడందే పేరు చెప్పొద్దు

ఇప్పటి పిల్లలు గడ్డిని ఫోనుకు చూపిస్తారు, ఫోను పేరు చెబుతుంది. మొన్న ఒక అమ్మాయి నా ఎదుటే చూపించింది. మొదటి ఫొటోకు నిమ్మగడ్డి అంది. కొంచెం పక్కకు జరిగి తీస్తే వరి అంది. వంగి తీస్తే వెదురు అంది. చిలక జోస్యం చెప్పేవాడి దగ్గర కనీసం ఒక చిలకైనా ఉంటుంది కదమ్మా అన్నాను. ఆ అమ్మాయికి కోపం వచ్చింది. రావాలి కూడా. కోపం వస్తేనే గట్టు దిగి చేలోకి వెళ్తుంది.

గట్టు మీద నిలబడి గడ్డి పేరు చెప్పేవాడిని నమ్మకండి. వంగండి, పట్టుకోండి, పీకండి. పీకగానే వేరుతో సహా పిడికిట్లోకి వచ్చేస్తే అది ఆ ఏటి చుట్టం, ఉండమన్నా ఉండదు. పైన తెగి, సగం నేలలోనే ఉండిపోతే మాత్రం అది ఇల్లరికపు అల్లుడు. దానితో పని వేరే. తవ్వి చూడాలి. నేల కింద పాకే కాండం ఉందా, కణుపులున్నాయా, కొస మొద్దుగా ఉందా, సూదిలా ఉందా అని చూడాలి. తర్వాత ఆకు చూడాలి, ఈనె చూడాలి, కంకిలా వెన్ను తీస్తే ఆ వెన్ను చూడాలి. కాడను రెండు వేళ్ల మధ్య దొర్లించినప్పుడు మూడు అంచులు తగిలితే అది తుంగ, గడ్డి జాతే కాదు. ఇదంతా చేసేసరికి మీ ప్యాంటు మాసిపోతుంది. మాయని ప్యాంటుతో తిరిగొచ్చిన అధికారి చెప్పిన పేరు తప్పు అయ్యే అవకాశం ఎక్కువ.

గడ్డిని సాగు చేసిన పెద్దసారు

నేను చేరిన కొత్తలో మాకొక పెద్దసారు ఉండేవాడు. మంచివాడు, ధైర్యవంతుడు, తెలియనిది ఏదీ లేనివాడు. ఆ మూడోదే ప్రమాదం. మా శాఖ పొలంలో ఒక మూల మంచమంత మేర నేల కింద పాకే గడ్డి ఒకటి పుట్టింది. "తవ్వించి వేళ్లు ఏరించాలి సార్" అన్నాను.

"తవ్వేదేందయ్యా, మనం ఇంకా రాతియుగంలో ఉండామా? ట్రాక్టరుకు రోటవేటర్ తగిలించి కొట్టించు, పొడి పొడి అయిపోతాది" అన్నాడు.

పొడి పొడి అయింది. ప్రతి ముక్కలోనూ ఒక కణుపు ఉంది, ప్రతి కణుపులోనూ ఒక మొక్క ఉంది. రోటవేటర్ వాటిని ఎంతో శ్రద్ధగా, సమానంగా, ఒక మంచి విత్తన గొర్రులాగా పొలమంతా చల్లింది. వానలకు పొలం మొత్తం పచ్చబడింది. అప్పుడే పై నుంచి తనిఖీకి వచ్చిన ఒకాయన గట్టు మీదే నిలబడి చూసి, "ఇంత కరువులో పశువుల మేత భలే పెంచావయ్యా" అని మెచ్చుకున్నాడు. పెద్దసారు నావైపు ఒక్కసారి చూసి, "ఏదో సార్, మా ప్రయత్నం" అన్నాడు. తర్వాత ఒక సభలో ఆయనకు శాలువా కూడా కప్పారు.

ఆయన చేసిన తప్పును నేను ఎప్పుడూ తప్పు పట్టలేదు. తప్పు చేయని అధికారి అంటే కుర్చీ దిగని అధికారి. కానీ తప్పుకు శాలువా కప్పించుకున్నాక దాన్ని సరిదిద్దే దారి మూసుకుపోతుంది. ఆ గడ్డి ఆ పొలంలో ఇప్పటికీ ఉంది. ఆయన మాత్రం బదిలీ అయ్యాడు.

నరసమ్మ చేను

పామిడికి అవతల, పెన్న ఒడ్డున ఒక ఊరు. పేరు రాయను. ఆ ఊళ్లో అందరూ క్షేమంగా ఉన్నారు, నాకూ క్షేమంగా ఉండాలని ఉంది.

ఆ ఊళ్లో నరసమ్మ చేను రామాలయం వెనక గోడను ఆనుకుని ఉంటుంది. భర్త లారీ డ్రైవరు. అతను ఇంట్లో ఉండే రోజులు తక్కువ, సేద్యమంతా ఆమెదే. నేలలో సారం తగ్గిందని ఏటి ఒడ్డు నుంచి మట్టి తోలించింది. మట్టితో పాటు ఒక గడ్డి వచ్చింది. చూస్తుండగానే చేను సగం కమ్మేసింది. ఎండాకాలం రాగానే అది తెల్లటి వెన్నులు తీసింది. పట్టు కుచ్చుల్లా మెరుస్తూ గాలికి ఊగుతుంటే చూడటానికి మహా అందం. ఆ అందమే నరసమ్మ కొంప ముంచింది.

గుడి కమిటీ పెద్ద ఓబులప్ప ఆ కుచ్చులు చూశాడు. గుడి గోడ పక్కన దర్భ దానంతటదే మొలవడం దైవ సంకల్పం అన్నాడు. ఆ మాటే గుడి మైకులో చెప్పించాడు. దర్భకు ఇనుము తగిలితే పాపం, చుట్టూ కంచె కట్టి దర్భవనం అని బోర్డు పెడతామన్నాడు. అంతే, కూలీలు ఆ చేలోకి దిగడం మానేశారు. ట్రాక్టర్ డ్రైవరు గట్టు దాకా వచ్చి, బండి ఆపి, గడ్డికి దండం పెట్టి వెనక్కి తిప్పుకుపోయాడు.

నరసమ్మ పామిడిలో మా ఆఫీసుకు వచ్చింది.

"సార్, నువ్వు దేవుడు లేడంటావంట గదా?"

"అవునమ్మా."

"అయితే నువ్వే రావల్ల. దేవుడు ఉండాడనే సార్లంతా ఓబులప్పకు భయపడి ఎనక్కి పోయినారు."

ఆమె అడిగిందల్లా ఒక్కటే. "అది దర్భ కాదని ఊరి ముందర సెప్పు సార్. నీ మాట మింద కూలోళ్లు పార పడ్తారు. ఎండలు ఉండంగానే తవ్వియ్యల్ల. వాన పడినంక ఆ గడ్డిని ఆపేదెవురు? ఈ తూరి గూడా శెనిక్కాయ ఎయ్యకుంటే చేను అమ్మేద్దామంటాండాడు నా మొగుడు. కొనేదానికి ఎవురు కాసుకోనుండారో తెలుసునా? ఓబులప్పే."

దైవ సంకల్పానికి సరిహద్దు రాళ్లు ఎక్కడున్నాయో అప్పుడు అర్థమైంది.

మా హేతువాద మిత్రుడు రంగన్న ఈ కథ విని ఎగిరి గంతేశాడు. "ఇంకేమప్పా! దర్భ కాదని సెప్పెయ్. సైన్సు కాదనిందంటే అయిపాయ."

"ముందు చూడనీ. చూడకుండా ఎట్లా చెబుతాను?"

"చూసేదేముండాది? ఒకవేళ అయినా కాదనే సెప్పు. దొంగకు తాళంచెవి ఎందుకిస్తావు?"

వెళ్లి చూశాను. వంగాను, పీకాను, తవ్వాను. కాడ అంటూ లేకుండా ఆకులు నేల నుంచే నిటారుగా లేచాయి. ఆకు అంచున వేలు పెట్టి కొస నుంచి మొదలుకు లాగితే రక్తం వచ్చింది. ఆకును వెలుగుకు పట్టి చూస్తే మధ్య ఈనె మధ్యలో లేదు, ఒక పక్కకు జరిగి ఉంది. నేల కింద తెల్లటి కణుపుల కాండం పాకుతోంది, దాని కొస గోనెసూదిలా ఉంది. అనుమానానికి చోటే లేదు. మా శాస్త్రంలో దాని పేరు ఇంపెరాటా. పుట్టింది మన వైపు దేశాల్లోనే, కానీ చేలోకి దిగిందంటే ఆక్రమణదారే. సముద్రాలు దాటి వెళ్లినచోట ఖండాలనే వణికిస్తున్న కలుపు. మన పురోహితులు పవిత్రంగా మడిచి వేలికి తొడిగే దర్భ కూడా, దురదృష్టవశాత్తూ, ఇదే.

నా నాస్తికత్వమంతా వచ్చి ఒక ఆకు ఈనె దగ్గర ఆగింది.

"దర్భేనమ్మా" అన్నాను నరసమ్మతో. "అయితే ఏం? దర్భను తవ్వితే పాపం లేదు."

"పాపం లేదని నీకు తెలుసు, నాకు తెలుసు. పార పట్టుకునేవానికి తెలియద్దా? ఏంది సార్, నువ్వు గూడా వాళ్లల్లో కలిసిపోతివే!"

ఆ రోజు ఆమె నాకు మంచినీళ్లు కూడా ఇవ్వలేదు. రంగన్నయితే నేను రహస్యంగా సంధ్యావందనం మొదలుపెట్టానని ప్రచారం చేశాడు. పిల్లలూ, ఇక్కడ ఒక మాట వినండి. మన పక్షానికి పనికొస్తుందని గడ్డి పేరు మార్చామంటే, రేపు ఓబులప్ప పక్షానికి పనికొస్తుందని మార్చే అధికారిని ఏ ముఖంతో తిడతాం? పేరు పేరే. దాన్ని ఏం చేయాలన్నది వేరే ప్రశ్న. ఈ రెండు ప్రశ్నలనూ కలిపి ఒకే ప్రశ్నగా అడిగేవాడు రైతు కావచ్చు, మంత్రి కావచ్చు, మిత్రుడు కావచ్చు. విడదీసి జవాబు చెప్పండి. అప్పుడు ఎవరూ మెచ్చుకోరు. అది మంచి గుర్తు.

ఇద్దరు సాక్షులు, ఒకటే మాట

ఓబులప్ప గుడి ముందర షామియానా వేయించాడు. నాస్తికుడికీ పురోహితుడికీ వాదమని చుట్టుపక్కల ఊళ్లలో తెలిసిపోయింది. బొరుగుల బండి కూడా వచ్చింది. పురోహితుడు కోదండశాస్త్రి పామిడి నుంచి మోపెడ్ మీద వచ్చాడు. గ్రహణాల మీద ఆయనా నేనూ ఇంతకు ముందు ఒకసారి గొంతులు పోయేలా వాదించుకున్నాం.

"ఏమప్పా నాస్తికా, బాగుండావా?"

"మీ ఆశీర్వాదం లేకుండానే బాగున్నాను స్వామీ."

"ఉండల్లే. నువ్వు బాగుంటేనే గదా నాకూ సభలు."

ఆయన నేరుగా కుర్చీలో కూర్చుంటాడని అనుకున్నాను. కూర్చోలేదు. చెప్పులు విడిచి చేలోకి నడిచాడు. ఒక పోచ పెరికి కొస విరిగిందేమో చూశాడు. అంచు మీద వేలు ఆనించాడు. తర్వాత దాన్ని ఎండకు ఎత్తిపట్టాడు. సరిగ్గా నేను పట్టినట్టే.

"ఈనె పక్కకుండాది, చూసినావా?" అన్నాడు నాతో.

"చూశాను. దర్భ అనుకుని పొరబడే కుశ అయితే ఇట్లా ఉండదు, బిరుసుగా కుదురు కడుతుంది."

"అది నేను సెప్పల్ల. నువ్వు సెప్తావేంది?"

షామియానా కిందికి వచ్చాం. ఓబులప్ప మైకు ముందుకు జరిపాడు.

"సెప్పండి స్వామీ."

"దర్భే."

"సారూ?"

"దర్భే."

చప్పట్లు కొట్టడానికి ఎత్తిన చేతులతో రంగన్న తల పట్టుకున్నాడు. ఓబులప్ప మాత్రం టెంకాయ కొట్టేశాడు. వాదం చూద్దామని బొరుగులు కొన్నవాళ్లు మోసపోయామన్నట్టు చూశారు.

అప్పుడు నరసమ్మ లేచింది.

"స్వామీ, దర్భ మీకు నిలబెట్టి చూసేదానికి కావల్నా, పెరికేదానికి కావల్నా?"

శాస్త్రి మాట తిప్పి ఉండవచ్చు. తిప్పలేదు. "పెరికేదానికేనమ్మా. పెరికేదానికని మంత్రమే ఉండాది. నిలబడుకోనుంటే గడ్డి, పెరికినంకనే దర్భ."

"ఇనుముతో పెరకరు కదా స్వామీ?" ఓబులప్ప అందుకున్నాడు.

"మేము చేత్తోనే పెరుకుతాం."

"ఇన్నారా! ఇనుము తగలగూడదు!"

"తగలద్దులేన్నా" అంది నరసమ్మ. "చేత్తోనే పెరుక్కోండి. దర్భ గుడిది, చేను నాది. మీ దర్భ మీరు తీసకపోండి. నా చేను నాకిడ్సండి."

జనంలోంచి నవ్వు లేచింది. "ఆయమ్మ సెప్పేది న్యాయమే కదప్పా, గుడి ముందరే నాటుకుందాం" అన్నారు ఎవరో. ఇక నేను ఆగలేకపోయాను. మైకు అందుకుని, నాటుకునేట్లయితే వేరు మొత్తం రావాలని, ఒక్క కణుపు తెగి మిగిలినా దేవుడి సొమ్ము పరాయి చేలో ఉండిపోయినట్టేనని శాస్త్రీయంగా వివరించాను. కోదండశాస్త్రి ముఖంలో చిన్న కదలిక కూడా లేకుండా, "వేరుతోడి దర్భయితే పితృకార్యాలకు ఇంకా శ్రేష్ఠం" అన్నాడు. ఆయన తెలిసే అన్నాడా అని నాకు ఈ రోజుకూ అనుమానమే.

ఊరంతా ఓబులప్ప వైపు తిరిగింది. "తీసకపోతాం! గుడి పనికి మాకు చేతుల్లేవా?" అన్నాడతను. ఆ మాట కూడా మైకులోనే అన్నాడు.

నడుము చెప్పిన తీర్పు

మరునాడు పొద్దున్నే కమిటీ మొత్తం తలస్నానాలు చేసి, పట్టు పంచెలు కట్టుకుని దిగింది. ఇనుము వద్దు కాబట్టి చేతుల్లో కట్టెపుల్లలు. కూలీలు, నరసమ్మ, రంగన్న, నేను గట్టు మీద వరుసగా కూర్చున్నాం. నా ఉద్యోగంలో గట్టు మీద కూర్చుని చూసిన పని అదొక్కటే.

మే నెల అనంతపురం నేల సంగతి మీకు తెలుసు. పుల్లతో గోకితే పుల్ల అరిగింది. ఆకు పట్టుకుంటే వేళ్లు తెగాయి. వేరు దొరికినవాడికి అరచేతిలో కొస దిగింది. ఎండ పెరిగేకొద్దీ భక్తి తరిగింది. ఒకతనికి ఫోను వచ్చింది, మాట్లాడుతూ మాట్లాడుతూ ఊళ్లోకి నడిచిపోయాడు. ఇంకొకతనికి వెళ్లాల్సిన పెళ్లి గుర్తొచ్చింది. చివరికి ఓబులప్ప ఒక్కడే మిగిలాడు, చేతిలో ఒక వేరుతో. దాన్ని లాగుతూ పోతే అది పక్క దుబ్బుకు, ఆ దుబ్బు నుంచి అవతలి దుబ్బుకు తీసుకుపోయింది. వెనకటి భక్తులు ఏ కొండ చుట్టూ తిరిగారో గానీ ఇతను ఆ వేరు చుట్టూ తిరిగాడు. ఆఖరికి నడుము పట్టుకుని కూలబడ్డాడు. కాసేపు గడ్డిని తదేకంగా చూశాడు.

"ఇది దర్భ కాదప్పా!" అన్నాడు గట్టిగా.

కూలీలు లేచి నిలబడ్డారు. "స్వామి అవునన్నాడు గదన్నా?"

"స్వామికి వయసాయ, ఎండలో కండ్లు కనపడ్లే."

"సారు గూడా అన్నాడే?"

"ఆయప్ప దేవుణ్ణే నమ్మడు! అట్లాంటోడు దర్భంటే మనమెట్ల నమ్మినామప్పా? ఉత్త కలుపుగడ్డి ఇది. పారలు ఏస్కోండి."

పారలు దిగాయి. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. సత్యాన్ని నా కళ్ల ముందే, అదీ పట్టు పంచె కట్టుకుని అవమానిస్తుంటే ఎలా ఊరుకోను? గట్టు మీద లేచి నిలబడ్డాను. "ఓబులప్పా, ఇది దర్భే! ఈనె పక్కకు ఉంది చూడు! వెన్ను చూడు! ముమ్మాటికీ దర్భే!" అని అరిచాను. భక్తుడు కలుపంటున్నాడు, నాస్తికుడు దర్భంటున్నాడు. రంగన్న నవ్వి నవ్వి గట్టు మీంచి దొర్లాడు.

నరసమ్మ పరుగెత్తుకొచ్చింది. "సార్, నీకు దండం పెడ్తా, నోరు మూసుకో! ఇప్పుడు నిన్నెవురన్నా అడిగినారా?"

నిజమే, ఎవరూ అడగలేదు. అడిగినప్పుడు చెప్పాను. కూర్చున్నాను.

ఆ సాయంత్రం రంగన్న ఇది హేతువాద విజయమన్నాడు. నేను ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోను. ఆ ఊళ్లో ఎవరూ ఆలోచించి మారలేదు. నడుము నొప్పితో పోయిన నమ్మకం నొప్పి తగ్గగానే తిరిగి వస్తుంది. చేను దక్కింది, అది చాలా పెద్ద విషయం. కానీ చేను దక్కడం వేరు, బుద్ధి దక్కడం వేరు. మొదటిదాన్ని రెండోదని చెప్పుకుంటే మనమూ శాలువా కప్పించుకున్నట్టే.

ఎండలు ముదిరి ఉన్నంత కాలం కూలీలు తవ్వారు. తవ్విన వేళ్లను కుప్పలు పోయకుండా గట్టు మీద పలచగా ఆరబెట్టించాను. నిప్పు పెట్టనివ్వలేదు, నిప్పుకు ఈ గడ్డి చావదు, ఉత్సాహపడుతుంది. రోటవేటర్‌ను దరిదాపులకు రానివ్వలేదు. కోదండశాస్త్రి ఒకరోజు మోపెడ్ ఆపి, వేరుతోడి కట్ట ఒకటి ఏరుకుని వెనక కట్టుకుపోయాడు. ఎవరి తీర్పూ అడగలేదు.

వాన పడింది. నరసమ్మ వేరుశనగ వేసింది. మొలక లేచాక చూద్దామని వెళ్లాను. చేలో ఆమె ఒక్కతే ఉంది, చేతిలో గడ్డపార. సాలు మధ్యలో తెల్లటి మొలక ఒకటి సూదిలా నేల చీల్చుకుని వచ్చింది.

"ఈడ ఎవురూ లేరు సార్. నిజం సెప్పు. ఇది దర్భేనా?"

ఆమె దేనికి అడుగుతోందో నాకు అర్థం కాలేదు. ఏం చెబితే ఆమె చెయ్యి ఆగిపోతుందోనని నా జీవితంలో మొదటిసారి ఒక గడ్డి పేరు చెప్పడానికి భయపడ్డాను.

"దర్భేనమ్మా."

ఆమె దానివైపు ఒక క్షణం చూసింది. చెంగు నడుముకు బిగించింది.

"కానీలే. శెనిక్కాయ అయితే కాదు గదా" అంటూ, కణుపు తెగకుండా కాస్త పక్కగా చూసుకుని, గడ్డపార దించింది.